నాలుగో నంబరు ముక్కు

నాలుగో నంబరు లోకోకి ముక్కు చెడిపోయిందన్న మాట నమ్మడానికి మెకానిక్కు చెంచయ్యకు మూడు రోజులు పట్టింది. నమ్మిన తర్వాత దాన్ని ఊడదీసి కొత్తది బిగించడానికి అరగంట చాలింది.

ముక్కు అన్నది దాని అసలు పేరు కాదు. హైదరాబాదు లాబొరేటరీలో దాన్ని తయారుచేసిన డాక్టర్ హైమవతి బారెడు పేరొకటి పెట్టింది. ఎర్రగుట్ట సొరంగంలో తవ్విన రాళ్ళను పట్టాల మీద బయటికి లాగే చిన్న డీజిల్ ఇంజన్లున్నాయి. లోకోలంటారు. వాటికి దాన్ని బిగించిన మొదటి రోజే డ్రైవర్లు ఆ బారెడు పేరును అవతల పారేసి ముక్కు అనేశారు. చేసే పని అదే మరి. రూపాయి బిళ్ళంత గాజు, దాని వెనక నాచులాంటి పల్చటి పొర. ఆ పొరకు ప్రాణముంది. పొగగొట్టంలో కూర్చుని ఇంజను వదిలే ప్రతి ఊపిరినీ వాసన చూస్తుంది. అంతా బాగుంటే ఆకుపచ్చగా ఉంటుంది. విషం మోతాదు మించితే ఎర్రబడుతుంది. ఆ రంగే డ్రైవరు తలపైన దీపంలోనూ కనబడుతుంది. అది ఎర్రబడితే డీజిల్ దానంతటదే ఆగిపోతుంది. ఎంత మొత్తుకున్నా ఇంజను కదలదు.

నాలుగో నంబరు మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు అలా మొండికేసింది. అదీ సొరంగం చివర, బయటికి మూడు కిలోమీటర్ల దూరంలో. బయటికి లాక్కొచ్చి చూస్తే శుభ్రంగా నడుస్తుంది. చెంచయ్య గాలి ఫిల్టరు మార్చాడు, ఇంజెక్టర్లు విప్పి చూశాడు, పొగగొట్టం దులిపాడు. ఏ లోపమూ దొరకలేదు. ముప్ఫై ఏళ్ళుగా డీజిల్ ఇంజన్లతో కాపరం చేస్తున్నవాడికి ఇంతకంటే అవమానం ఉండదు.

"ఇంజన్లో ఏం లేదని మీరే అంటున్నారు. అంటే ముక్కే చెడింది. మార్చేయండి చెంచయ్య గారూ," అన్నాడు సైటు ఇంజనీరు వేణుమాధవ్. మూడు రోజుల పని వెనకబడింది. అతని గొంతులో మర్యాద అడుగంటుతోంది.

"ముక్కు ఊరికే చెడదు సార్."

"ప్రాణమున్నది ఏదైనా చెడుతుంది."

ఆ నాలుగో నంబరును నడిపేది చెంచయ్య కూతురు మస్తానమ్మ. రోజుకు మూడుసార్లు చీకట్లో ఇంజను ఆగిపోయి, పిల్ల పట్టాల వెంట నడుచుకుంటూ బయటికి వస్తుంటే చూడలేకపోతున్నాడు. మార్చేస్తానన్నాడు.

* * *

ముక్కుల సంగతి ఆ సైటు మొత్తానికి అతనికే ఎక్కువ తెలుసు. రెండేళ్ళ క్రితం హైమవతి ప్రయోగాలకు ఒక డీజిల్ మెకానిక్కు కావాలంటే చెంచయ్యను పిలిపించారు. పది వారాలు అక్కడే ఉన్నాడు. అంతకుముందు వాడే కరెంటు సెన్సార్లను మెకానిక్కులు ఎలా ఏమారుస్తారో చూపించమంది ఆమె. చెంచయ్య సిగ్గుపడుతూ రెండంగుళాల తీగముక్క తీసి దాంతో సెన్సారు తీగల రెండు కొసలనూ కలిపాడు. సెన్సారు నోరు మూసుకుంది. ఇంజను నల్లగా కక్కుతూనే ఉంది.

"ఇందుకే నాకు ప్రాణమున్న ముక్కు కావాలి. దాని నోరు ఎవరూ మూయలేరు," అంది హైమవతి.

తర్వాత ఒక పొట్లం చింపి బిళ్ళను బల్లమీద పెట్టింది. "ఇదిగో, ఇప్పుడు పుట్టింది. ఈ పావుగంటలో ఏ గాలి పీలిస్తే దాన్నే మంచి గాలి అనుకుంటుంది. ఇక బతికినన్నాళ్ళూ ఆ లెక్క మార్చుకోదు. మనం మార్చలేం."

"కోడిపిల్ల మాదిరన్నమాట. గుడ్డు పగలంగానే బాతు కనబడితే బాతెంటే పోద్ది."

హైమవతి నవ్వింది గాని, ఆ మర్నాడే నవ్వలేని పని జరిగింది. కిటికీ బయట ఎవరిదో స్కూటరు ఆడుతుండగా లాబొరేటరీ అమ్మాయి డజను పొట్లాలు తెరిచింది. ఆ పన్నెండు బిళ్ళలూ స్కూటరు పొగలో పెట్టినా ఆకుపచ్చగానే ఉన్నాయి. నిమ్మళంగా, నిశ్చింతగా. హైమవతి పన్నెండింటినీ సుత్తితో పగలగొట్టి, ఆ సాయంత్రమే ఒక కాగితం రాసి గోడకు అంటించింది. దాని నకలే ఇప్పుడు చెంచయ్య షెడ్డులో వేలాడుతోంది. "పొట్లం ఆరుబయట తెరవాలి. పావుగంట దాకా దగ్గర్లో బీడీ, సిగరెట్టు, నడుస్తున్న బండి, సెంటు, పౌడరు ఉండకూడదు. ఏ రకం పొగా తగలకూడదు."

* * *

శుక్రవారం పొద్దున్నే చెంచయ్య ఆ కాగితాన్ని మంత్రంలా రెండుసార్లు చదివాడు. షెడ్డు చుట్టుపక్కల బీడీలు ఆర్పించాడు. జనరేటరు ఆపించాడు. మస్తానమ్మ తలలో కనకాంబరాలుంటే దూరంగా పొమ్మన్నాడు.

"పూలు కూడానా? ఏంది నాన్నా, ముక్కుకు పెళ్ళిచూపులా?" అని నవ్వుతూ వెళ్ళి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడింది. ఇరవై నాలుగేళ్ళది. ఆ సైటులో లోకో నడిపే ఆడపిల్ల ఆమె ఒక్కతే.

కొండ వైపు నుంచి చల్లటి గాలి వీస్తోంది. చెంచయ్య పొట్లం చింపి, బిళ్ళను ఉతికిన గుడ్డమీద పెట్టి, గడియారం చూసుకున్నాడు. తొమ్మిది దాటి రెండు నిమిషాలు.

తొమ్మిది దాటి ఆరు నిమిషాలకు జిలానీ బాబా వచ్చాడు.

ప్రతి శుక్రవారం వచ్చేవాడే. డెబ్బై దాటిన మనిషి, ఆకుపచ్చ తలగుడ్డ, ఒక చేతిలో నిప్పుల పాత్ర, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. ఎర్రగుట్ట క్రాస్ రోడ్డులో ప్రతి దుకాణానికీ సాంబ్రాణి ధూపం వేసుకుంటూ చివరగా షెడ్డుకొస్తాడు. పానాలకు, జాకీలకు, విప్పి పెట్టిన ఇంజన్లకు ధూపం చూపించి, ఈకలతో చెంచయ్య తలమీద ఒకసారి తట్టి పోతాడు. దర్గాలో మొక్కుకుంటే పుట్టిన పిల్ల గనకే ఆమెకు మస్తానమ్మ అని పేరు పెట్టారు. నెలల బిడ్డగా ఆయాసంతో కొట్టుకుంటుంటే రాత్రింబవళ్ళు ఈకలతో విసిరింది ఈయనే. ఆ బుడ్డదాని ఊపిరి నిలబెట్టింది బాబా చేతిగాలే అని చెంచయ్య ఇప్పటికీ అంటాడు.

"రా బాబా. ఇది మన మస్తాని బండికి. ఇంకో రెండు ఊపులు ఎక్కువ ఊపు," అన్నాడు చెంచయ్య.

బీడీ పొగ కంటపడితే మండిపడ్డ మనిషి, పూలను దూరం పెట్టిన మనిషి, నోరారా అడిగి మరీ ఊపించుకున్నాడు. అతని లెక్కలో పొగ వేరు, ధూపం వేరు. పొగ గాలిని పాడుచేసేది, ధూపం గాలిని బాగుచేసేది. కాగితం మీద ఉన్నది పొగ. ఆ రెండూ ఒకటేనన్న ఆలోచన అతని బుర్రలోకి రావడానికి దారే లేదు.

జిలానీ బాబా కణకణలాడే బొగ్గుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లి, పెదవులు కదుపుతూ, పాత్రను బిళ్ళ చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. తెల్లటి ధూపం ఆ గుడ్డమీద కాసేపు నిలిచి కొండగాలికి చెదిరిపోయింది.

"సల్లగా తిరిగొస్తది బిడ్డ," అన్నాడు.

పది గంటలకల్లా బిగింపు అయిపోయింది. పాత బిళ్ళను చెంచయ్య చొక్కా జేబులో వేసుకున్నాడు. మస్తానమ్మ ఇంజను తిప్పింది. చల్లారిన ఇంజను మొదట ఒక దగ్గు దగ్గి నల్లగా ఉమ్ముతుంది. ఆ దగ్గుకు ముక్కు ఒక్క క్షణం పసుపు రంగుకు తిరిగి మళ్ళీ ఆకుపచ్చ కావాలి. ఏ బండిలోనైనా అంతే. ఇది తిరగలేదు.

"కొత్త ముక్కు భలే గట్టిది నాన్నా! తుమ్మనన్నా తుమ్మలా," అని అరిచి, చెయ్యి ఊపి, ఖాళీ వ్యాగన్లను లాక్కుంటూ సొరంగంలోకి వెళ్ళిపోయింది.

చెంచయ్య నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళిపోతున్న పొగగొట్టం వైపు చూశాడు. ఎందుకు తుమ్మలేదు?

* * *

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినా ఆ ప్రశ్న వదల్లేదు. మంచి జరిగినప్పుడు తవ్వుకోవడం దేనికని సర్దిచెప్పుకున్నాడు. రెండు గంటలుగా నాలుగో నంబరు ఒక్కసారైనా ఆగలేదని వేణుమాధవ్ ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు.

లోపలి గదిలో అతని భార్య ఆదెమ్మ పక్కింటి పసిబిడ్డకు నీళ్ళు పోసి తల ఆరబెడుతోంది. వీధిలో ఏ బిడ్డ పుట్టినా నీళ్ళు పొయ్యడానికి ఆదెమ్మే కావాలి. బిడ్డ తల్లి కుంపట్లో నిప్పులు తెచ్చి పెట్టి, చలిగాలి తగులుతుందని తలుపు మూయబోయింది.

"తలుపు మూయమాకమ్మాయ్!" ఆదెమ్మ కేక పెట్టింది. "సాంబ్రాణి ఏం చెయ్యదు. ఆ బొగ్గునిప్పుల గాలి చెడ్డది. వాసనా ఉండదు, ఏమీ ఉండదు. మా మేనత్త కుంపటి పెట్టుకోని తలుపేసుకోని పడుకుంది. పొద్దన లేవలా."

చెంచయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

లేచి ఎంగిలిచేత్తోనే జేబులోంచి పాత బిళ్ళ తీశాడు. ఇంటి గాలిలో అది ఆకుపచ్చగా ఉంది. తీసుకెళ్ళి కుంపటి పైన పట్టాడు. అయిదు లెక్కపెట్టేలోపు బిళ్ళ పసుపైంది, ఎర్రబడింది. వెనక్కి తీస్తే మళ్ళీ నెమ్మదిగా ఆకుపచ్చకు తిరిగింది.

పాత ముక్కు చెడలేదు. మూడు రోజులుగా తొమ్మిదిసార్లు అది నిజమే చెప్పింది. కొత్త ముక్కు పుట్టగానే పీల్చింది ఈ నిప్పుల గాలినే. దానికి ఇదే మంచి గాలి. లోపల విషం ఎంత పెరిగినా అది నిమ్మళంగా ఆకుపచ్చగా చూస్తూ కూర్చుంటుంది.

"ఏందయ్యా, ముఖం అట్టా పోయింది?" అంది ఆదెమ్మ.

అతను వేణుమాధవ్‌కి ఫోను చేశాడు.

"సార్, నాలుగో నంబరు ఆపించండి. కొత్త ముక్కు పనికిరాదు. అందర్నీ బయటికి రమ్మనండి సార్."

"మూడు రోజుల తర్వాత ఇవాళే సవ్యంగా నడుస్తోంది. ఇప్పుడే గేటు దగ్గర్నుంచి కనుక్కున్నాను, ఆకుపచ్చగానే ఉందట."

"ఆకుపచ్చగా ఉండబట్టే సార్ చెప్తన్నా!"

"మార్చింది మీరే కదా చెంచయ్య గారూ?"

అది ఎత్తిపొడుపో, మామూలు ప్రశ్నో తెలియలేదు. ఏదైనా ఒకటే. చెంచయ్య మోపెడ్ తీశాడు.

ఏడు కిలోమీటర్లు. ఆ దారంతా అతనికి ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చింది. ఇంజన్లో లోపం ఎందుకు దొరకలేదో, బయట బాగా నడిచి లోపలే ఎందుకు ఆగిందో. ముక్కులు వచ్చాక, ఇక ప్రమాదం లేదుగదా అని, సొరంగంలోకి గాలి తోసే రెండు పెద్ద ఫ్యాన్లలో ఒకదాన్ని విప్పి పోయిన వారం ఇంకో సైటుకు పంపేశారు. లోపల గాలి పల్చబడింది. చివరిదాకా పోయే లోకో నాలుగో నంబరు ఒక్కటే. గాలి చాలకపోతే ఎంత మంచి ఇంజనైనా విషమే కక్కుతుంది. ఫ్యాను విప్పేటప్పుడు బోల్టులు ఊడదీసింది కూడా తనే. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

* * *

సొరంగం నోటి దగ్గర వేణుమాధవ్ ఎదురొచ్చాడు. చెంచయ్య అతనితో వాదించలేదు. మోపెడ్ పొగగొట్టం దగ్గర పాత బిళ్ళ పట్టుకుని ఎర్రబడడం చూపించాడు.

"ఇది మీరు చెడిపోయిందన్న ముక్కు. నేను కూడా అన్నా," అన్నాడు.

వేణుమాధవ్ లోపలి ఫోను తిప్పాడు. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. లోపల మస్తానమ్మతో కలిపి పదకొండు మంది ఉన్నారు.

చెంచయ్య రెండో నంబరు లోకో ఎక్కి తోలుకుంటూ లోపలికి పోయాడు. ఎడమ అరచేతిలో బిళ్ళ, దానిమీద తలదీపం వెలుగు. ఒక కిలోమీటరు దాకా ఆకుపచ్చ. ఒకటిన్నర దగ్గర పసుపు. రెండు దాటాక అంచులు ఎర్రబడసాగాయి. అంతలో రెండో నంబరు దగ్గి ఆగిపోయింది. దాని ముక్కు సరైనది. మంచి గాలి అందక ఇంజను కక్కిన విషాన్ని అది పసిగట్టి డీజిల్ ఆపేసింది. చెంచయ్య తలబాదుకున్నాడు. ఆ తర్వాత దిగి పరిగెత్తాడు.

పరిగెత్తితే ఎక్కువ గాలి పీల్చాల్సి వస్తుందని తెలుసు. నడిస్తే ఆలస్యమని కూడా తెలుసు. నుదురు బిగుసుకుంటోంది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. "మస్తానీ!" అని అరుస్తుంటే గోడలు అతని గొంతునే తిరిగి అతనికి ఇస్తున్నాయి. వాటిని దాటి ఒక ఇంజను మోత వినిపిస్తోంది, ఆగకుండా, ఏ ఇబ్బందీ లేకుండా.

చివర పదిమంది రాళ్ళకు ఆనుకుని కూర్చున్నారు. ఉక్కపోత అనుకున్నారట, తలనొప్పి అనుకున్నారట. ఒకడు వాంతి చేసుకుంటున్నాడు. నాలుగో నంబరు వ్యాగన్లు నిండడం కోసం ఆడుతూ నిలబడి ఉంది. మస్తానమ్మ మీటల పలక మీద తలవాల్చి ఉంది. ఆమె తలపైన కొత్త ముక్కు దీపం నిగనిగలాడుతూ ఆకుపచ్చగా వెలుగుతోంది.

చెంచయ్య ఇంజను ఆపాడు. తర్వాత గోడ వెంట ఉన్న లావుపాటి గొట్టం దగ్గరకు పాకాడు. రాతిని తొలిచే యంత్రాలకు బయటి కంప్రెసరు నుంచి గాలి వచ్చే గొట్టమది. దాని వాల్వు పూర్తిగా తిప్పాడు. బుస్సుమంటూ బయటి గాలి, కొండగాలి, లోపలికి దూకింది. మస్తానమ్మను కిందికి దించి ఆ గాలి ముందు పడుకోబెట్టాడు. మిగిలినవాళ్ళు పాక్కుంటూ దగ్గరకు చేరారు.

అరచేతిలో బిళ్ళ ఎర్రగా ఉంది. చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు. పసుపైంది. ఆకుపచ్చైంది. పదిమందీ ఒకరొకరుగా లేచి, నిలబడి, నీళ్ళడిగారు. మస్తానమ్మ లేవలేదు.

* * *

రెండు రోజులకు కళ్ళు తెరిచింది. మూడో రోజు అమ్మను గుర్తుపట్టింది. ఆదెమ్మ ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చిన ఏడుపుకు నర్సులు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆదెమ్మకు చెంచయ్య అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదనుకున్నాడు.

నాలుగో రోజు హైమవతి వచ్చింది. చెంచయ్య అంతా చెప్పి, దండించమన్నట్టు నిలబడ్డాడు. ఆమె షెడ్డు గోడమీంచి కాగితం తెప్పించుకుని ప్రతి మాటా వేలు పెట్టి చదివింది.

"పొగ అని రాశాను. ధూపం అని రాయలేదు," అంది. "రాయాలని తట్టలేదు. మా అమ్మ రోజూ వేస్తుంది చెంచయ్య గారూ. నేనూ దాన్ని పొగ అనుకోలేదు." ఎర్రగుట్టలో ఫ్యాను తిరిగి బిగించేదాకా ఒక్క ముక్కు కూడా పెట్టనివ్వనని వేణుమాధవ్ ఎదుటే చెప్పి, నాలుగో నంబరు బిళ్ళను తీసుకుపోయింది. సుత్తితో కొడుతుందని చెంచయ్యకు తెలుసు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. మస్తానమ్మ వార్డులో దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. వరండా చివర ఆకుపచ్చ తలగుడ్డ కనబడింది. ఒక చేతిలో నిప్పుల పాత్ర, ఇంకో చేతిలో నెమలీకలు. చెంచయ్య పరుగున వెళ్ళి ఆయనకు అడ్డం నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ అడ్డం నిలబడింది లేదు.

"బాబా, నిప్పు వద్దు."

"ఎందుకు నాయనా? బిడ్డకు ధూపం ఎయ్యాలనే వచ్చా."

దాచాలనే అనుకున్నాడు చెంచయ్య. ఆ ముసలి కళ్ళలోకి చూసి దాచలేకపోయాడు. రెండు ముక్కల్లో చెప్పేశాడు. "ఎయ్యమంది నేను. తప్పు నాది. నీది కాదు బాబా."

జిలానీ బాబా మెట్లు దిగి, పంపు దగ్గర నిప్పులు కుమ్మరించి, నీళ్ళు పోశాడు. అవి చుయ్యిమని ఆరాక చేతులు కడుక్కుని, నెమలీకల కట్ట ఒక్కటే పట్టుకుని లోపలికొచ్చాడు. మంచం పక్కన నిలబడి, ఆమె నెలల బిడ్డగా ఉన్నప్పుడు విసిరినట్టే, మెల్లగా విసరడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళ సాంబ్రాణి ఆయన చొక్కాలో, గడ్డంలో, ఈకల్లో పట్టి ఉంది. వార్డంతా ఆ వాసన కమ్ముకుంది. పక్క మంచం మీది ముసలామె కళ్ళు మూసుకుని హాయిగా పీల్చుకుంది.

గాలి ముఖానికి తగిలి మస్తానమ్మ తల తిప్పింది.

"బాబానా? ఎప్పుడొచ్చినావు?" అంది. నవ్వబోయి, ముక్కు ఎగబీల్చి, మళ్ళీ ఎగబీల్చి, తండ్రి వైపు చూసింది. "నువ్వు వీధి చివర ఉంటేనే తెలిసేది గదా నాకు. వాసనే రాలేదేంది నాన్నా?"

ఈకలు ఒక్క క్షణం ఆగాయి.

చెంచయ్య జేబులో పాత బిళ్ళ మీద చెయ్యి బిగించాడు.

"ఇయ్యాల నిప్పు తేలేదమ్మా," అన్నాడు. "అందుకనే రాలేదు."

జిలానీ బాబా అతని ముఖంలోకి చూసి, తల వంచి, ఆ మాట నిలబెట్టడానికన్నట్టు మంచానికి రెండడుగులు దూరం జరిగి, మళ్ళీ విసరసాగాడు.